నిద్ర లేచాక చూసినవి

ఒకటి

రోజూ ఏదో ఒకటి రాయమన్నారు జకరయ్యగారు. ఏం రాయాలో చెప్పలేదు. అందుకని తెలిసినంత వరకు రాస్తున్నాను.

నా పేరు ప్రభుదాసు. ఊరి పేరు కట్టపేట. కరువులో తిండి చాలక ఇంటికొకరు మందు తాగి పడుకోవాలంటే నేను పడుకున్నానట, ఏడేళ్ళు. పడుకున్న చోటుని నిద్రశాల అంటారు. అది ఒకప్పుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. గోడల్లోంచి ఆ ఘాటు ఇంకా పోలేదు. అక్కడ లేచే ప్రతివాడూ కళ్ళు తెరవకముందే తుమ్ముతాడు. నేనూ తుమ్ముతూనే లేచాను.

ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఆవిడ పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల. నిద్రశాల చూసుకునే జకరయ్యగారు "నీ భార్య సలోమి, నీ కూతురు కెజియా" అని చెప్పారు. నేను ఇద్దరికీ నమస్కారం పెట్టాను. పిల్ల తిరిగి పెట్టింది. ఆవిడ పెట్టలేదు.

మేముండేది రైలు కట్ట మీద. సముద్రం పైకొచ్చినప్పుడు చుట్టుపక్కల ఈ కట్ట ఒక్కటే మునగలేదట. ఆగిపోయిన బోగీల్లోనే జనం కాపురాలు పెట్టారు. మాకు సగం బోగీ వచ్చింది. మిగతా సగంలో కోళ్ళు ఉంటాయి.

నా తలలో పేర్లు ఉన్నాయి. కళ్ళ ముందు వస్తువులు ఉన్నాయి. ఏ పేరు దేనిదో తెలియడం లేదు. పొద్దున సలోమి స్నానానికి నీళ్ళు తోడి, నా చేతిలో ఒక పసుపుపచ్చ ముద్ద పెట్టింది. బెల్లం అనే మాట గుర్తొచ్చింది. కొరికాను. కెజియా పకపకా నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సలోమి నవ్వలేదు. నా చేతికి ఉప్పునీళ్ళ చెంబు ఇచ్చి పుక్కిలించమంది.

"ఆదివారం ప్రార్థన అయినాక సబ్బు దగ్గరికి పోదాం," అంది.

జకరయ్యగారు ఆమెకు చెప్పిన వైద్యం అదే. ఏ వస్తువునైనా మొదటినుంచి చివరిదాకా కళ్ళ ముందు తయారుచేసి చూపిస్తే, లేచినవాళ్ళకు దాని పేరు అతుక్కుంటుందట. అలా ఎందుకు జరుగుతుందని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, తనకూ తెలియదన్నారు.

రెండు

ఆదివారం ముగ్గురం నడిచి వెళ్ళాం. కట్టపేటలో ఇది మామూలేనట. బయటి ఊళ్ళనుంచి సరుకు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఏం కావాలన్నా ఇక్కడే చేసుకోవాలి. కాబట్టి ప్రార్థన అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని, ఒక్కో వారం ఒక్కో పాకకు పోయి చూసి వస్తారు. మాతో పాటు ఇంకో రెండు కుటుంబాలు అన్నం మూటలతో వచ్చాయి.

సబ్బు పాక వంతెన కింద ఉంది. దాని యజమానురాలు మార్తమ్మ. సరుగుడు బూడిదలో నీళ్ళు పోసి, గుడ్డలోంచి కారే నీటిని కుండలో పడుతోంది. పెద్ద బానలో చేపనూనె కాగుతోంది. ఆ వాసనకు నేను వెనక్కి జరిగాను. పిల్లలు మాత్రం పొయ్యి చుట్టూ చేరి కదల్లేదు. మార్తమ్మ బూడిద నీళ్ళు పోస్తూ తెడ్డుతో తిప్పుతూనే ఉంది. నూనె మొదట పాలలా తెల్లబడింది, తర్వాత చిక్కబడింది. ఆమె ఉప్పు చల్లగానే ముద్ద పైకి తేలింది.

"సబ్బు!" అని అరిచాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది. ఆ రోజు దాన్ని కొరికిన సంగతి అప్పుడే సరిగ్గా తెలిసొచ్చింది.

"మీ తమ్ముడా సలోమీ?" అంది మార్తమ్మ.

"కాదత్తా. మా ఆయన. పడుకుని లేచాడు."

మార్తమ్మ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, మళ్ళీ తెడ్డు పట్టుకుంది. నిద్రలో వయసు పెరగదు. నేను పడుకున్ననాటి వయసులోనే ఉన్నాను. సలోమి మాత్రం ఆ ఏళ్ళన్నీ మెలకువగానే గడిపింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నన్ను అడిగింది. "బూడిద ఎంత, నీళ్ళు ఎంత?"

"చూళ్ళేదండీ. పేరు గుర్తొచ్చింది కదా, చాలదా?"

"చాలదు. పైవారం మళ్ళీ వస్తాం. ఈసారి చెయ్యి పెట్టి చెయ్యి. ఇంకోటి. నన్ను అండీ గిండీ అనకు."

పేరు గుర్తు రావడానికి చెయ్యి పెట్టడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మూడు

చెప్పుల పాక. పాత లారీ టైర్లు కొండలా పోసి ఉన్నాయి. వాటిని కోసేవాడు ఏలియా, నేను పడుకోకముందు నా ఈడువాడేనట. ఒకప్పుడు మేమిద్దరం కలిసి బంతాట ఆడేవాళ్ళమని చెప్పాడు. అయితే ఆడేవాణ్ణే అయి ఉంటాను. ఏలియా టైరు మీద కెజియా పాదం పెట్టించి, సుద్దతో గీసి, గీత వెంట కత్తితో కోశాడు. ట్యూబు ముక్కలతో పట్టీలు వేశాడు. రెండో పట్టీ బిగించేసరికి నాకు పేరు వచ్చింది.

సలోమి నన్ను ముందుకు తోసింది. "గీసినదానికంటే ఎంత పెద్దగా కోయాలో అడుగు. పిల్ల కాలు పెరుగుద్ది గదా."

"మీరు... నువ్వు అడగొచ్చుగా?"

"నువ్వే అడుగు."

అడిగాను. బొటనవేలు ముందు వేలెడు జాగా వదలమన్నాడు ఏలియా. మా ఇంట్లో చెప్పులు తెచ్చేది సలోమి, కొలతలు తెలిసింది సలోమికి. ఇది నేనెందుకు తెలుసుకోవాలి? తిరిగొచ్చేటప్పుడు దారంతా అదే ఆలోచించాను.

సలోమి ముందు నడుస్తోంది. కెజియా వెనకబడి, కొత్త చెప్పులు టపటపలాడిస్తూ నా పక్కకు వచ్చింది. ఇన్నాళ్ళూ అది నన్ను మీరు అనే పిలిచింది.

"మిమ్మల్ని నువ్వు అనొచ్చా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"అను."

"నువ్వు సబ్బెందుకు తిన్నావు?"

ఆ మాట దాని లోపల ఎప్పటినుంచో ఉన్నట్టుంది. బెల్లం అనుకున్నానని చెప్పాను. అయితే బెల్లం దగ్గరికి కూడా పోదామంది.

నాలుగు

బెల్లం చూశాను. తాటినార తాడు, దీపం బుడ్డి, ఉప్పు మడులు చూశాను. పట్టాలు కాల్చి కత్తులు సాగదీసే కొలిమి చూశాను. ఒక్కో ఆదివారం ఒక్కో పేరు తిరిగి వస్తోంది. బోగీలో ఇప్పుడు నాకు తెలియని వస్తువు దాదాపు లేదు. ప్రతిచోటా సలోమి నా చేత చేయించింది. ఏది ఎన్నాళ్ళు వస్తుంది, ఏది పాడైతే ఎవర్ని అడగాలి, పిల్లకు ఏది పడదు, అన్నీ మళ్ళీ మళ్ళీ అప్పజెప్పించుకుంది. ఉప్పు మడుల దగ్గర ఎండకు నా వీపు పొక్కింది. అయినా ఒప్పుకోలేదు.

కానీ సలోమి ముఖం చూస్తే నాకేమీ తట్టదు. పేరు తెలుసు. ఈమె నా భార్య అని తెలుసు. చేతిలో తాటినార పట్టుకుంటే కలిగినట్టు, "ఆ, ఇదే" అనిపించడం మాత్రం లేదు.

ఈరోజు అన్నం వడ్డిస్తూ ఆమె అడిగింది, నన్ను చూడకుండా.

"నేను గుర్తొచ్చానా?"

"రాలేదు."

"పోనీలే. పప్పు వేసుకో."

వేసుకున్నాను. నాకు ఆకలి లేదు. ఆమె గిన్నె పట్టుకునే ఉంది, అందుకని వేసుకున్నాను.

ఐదు

ఇవాళ పరుపుల పాక. నిద్రశాల వెనకే ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు బూరుగు దూది ఏరి, పాత రైలు సీట్ల తోలు సంచుల్లో కూరుతున్నారు. సంచులు సన్నంగా, పొడుగ్గా ఉన్నాయి. బోగీల్లో మేం పడుకునే పరుపులు ఇలా ఉండవు.

ఇక్కడ ఒక వింత జరిగింది. ఏ వస్తువైనా పూర్తయితే గాని నాకు పేరు రాదు. ఈ సంచిలో దూది సగం కూడా పడలేదు, నా వీపుకు చల్లగా తగిలింది. ముక్కులో మిరప ఘాటు ఎక్కింది. పేరు కాదు వచ్చింది, నేనే దాని మీద పడుకుని ఉన్నట్టు అనిపించింది. వెనక్కి రెండడుగులు వేశాను.

కెజియా ఒక సంచి మీద వెల్లకిలా పడుకుంది. "లెయ్యి! లెయ్యవే!" అని సలోమి దాన్ని ఒక్క గుంజు గుంజింది. పిల్ల బిత్తరపోయింది. ఆమె అలా అరవడం నేను చూడలేదు.

దూది కూరుతున్న ఒకామె తల ఎత్తింది. "సలోమీ, నీ కొలత ఇయ్యలేదే ఇంకా? నీది కూడా మొదలుపెట్టమంటావా?"

సలోమి ఆమెకు కళ్ళతో సైగ చేసింది. నేను చూశాను. చూశానని సలోమీ చూసింది.

అన్నం మూట విప్పడానికి సరుగుడు తోపులోకి పోయాం. కెజియా మిగతా పిల్లలతో పీతల వెంట పరిగెత్తింది. నేను మూట విప్పకుండానే అడిగాను.

"నీకు పరుపెందుకు?"

"ఉత్తరంపక్క చేలల్లోకి ఉప్పునీళ్ళు వచ్చినాయి. పైరంతా పోయింది. మళ్ళీ ఇంటికొకరు పడుకోవాల."

"మనింట్లో నేను పడుకుని లేచాగా?"

"అది పోయిన కరువుకి. ఇది ఈ కరువుకి. బియ్యం ఇద్దరికే ఇస్తారు."

"అయితే నేను లేవకుండా అక్కడే ఉంటే..."

"ఏడేళ్ళు దాటితే గుండె నిలవదయ్యా. లేపాల్సిందే. రెండోసారి పడుకున్నా నిలవదు. పిల్లల్ని పడుకోబెట్టరు. ఇంక మిగిలిందెవరు?"

నేను అన్నాను. "ఉన్నదే ముగ్గురం పంచుకుందాం. ఒక పూట మానేద్దాం."

"పోయినసారి అట్టా అనుకున్న ఇళ్ళల్లో పిల్లలు ఏమైపోయారో నీకు తెలవదు. నువ్వు పడుకుని ఉన్నావు. నేను చూశా."

"నీకిది ఎప్పటినుంచి తెలుసు?"

"నువ్వు తుమ్మకముందు నించి."

"మరి ఈ ఆదివారాలన్నీ నా మతి కోసం కాదా?"

"నీ మతి కోసమే. మతి లేనోడి చేతిలో పిల్లనెట్టా పెట్టిపోను?"

ఆమె మూట విప్పి మూడు ముద్దలు చేసింది. ఒకటి నా చేతిలో పెట్టి, కెజియాని కేకేసింది.

ఆరు

ఆమెకు చెప్పకుండా జకరయ్యగారి దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ నన్నే పడుకోబెట్టమని అడిగాను.

"ఎందుకు?" అన్నారు.

"ఆమెను పంపడం నాకు ఇష్టం లేదు."

"ఆమె నీకు గుర్తొచ్చిందా?"

"లేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. గుర్తులేని మనిషి కోసం ఎందుకు చావాలనుకుంటున్నానో ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఉప్పు మడుల దగ్గర ఆమె నా వీపు మీద తడిగుడ్డ వేయడం గుర్తుంది. సబ్బు ముద్ద కోయడం రాక నేను తిట్టుకుంటుంటే, కత్తి పట్టుకున్న నా చెయ్యి తిప్పి పెట్టడం గుర్తుంది. పడుకోకముందు సంగతులు ఏవీ లేవు. ఇవన్నీ లేచాకే. ఇవి లెక్కలోకి వస్తాయా అని అడిగాను.

"ప్రభుదాసూ, రెండోసారి పడుకోబెట్టి మనిషిని చంపే పని నేను చెయ్యను. ఇంటికి పో," అన్నారు.

ఇంటికి వచ్చేసరికి సలోమి కోళ్ళకు తవుడు కలుపుతోంది. ఎక్కడికి పోయానో అడగలేదు. తెలిసినట్టే ఉంది.

"కెజియాకి నువ్వే చెప్పు," అంది.

"నేనా?"

"నావల్ల కాదు. ఇకమీదట దానికి ఏదైనా చెప్పాల్సింది నువ్వేగా."

ఏడు

చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక పరుపుతో మొదలుపెట్టాను. అది తప్పు. బూరుగు దూది గురించి కాసేపు, సంచుల గురించి కాసేపు చెప్పాను. కెజియా బోగీ మెట్టు మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ వింది. తర్వాత ఉప్పునీళ్ళ గురించి చెప్పాను. కాళ్ళు ఊపడం ఆగిపోయింది.

"అమ్మా?" అంది.

"అవును."

"ఎన్నాళ్ళు?"

"నేను పడుకున్నన్నాళ్ళు."

అది మెట్టు దిగి, కొంచెం దూరం పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. ఏడుపు లేదు.

"మీరెందుకు లేచారు?" అని అడిగింది.

మీరు అంది. ఏడేళ్ళు దాటితే గుండె నిలవదని చెప్పొచ్చు. అది నిజమే. కానీ పిల్ల అడుగుతున్నది దాని గురించి కాదు.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

"మీరు లేవకపోతే అమ్మ ఉండేది."

కోళ్ళ వైపు పోయి లోపలనుంచి గడియ పెట్టుకుంది. సలోమి తలుపు దగ్గర నిలబడి పిలిచింది. బయటికి రాలేదు. మధ్యాహ్నం దాకా రాలేదు. అన్నానికి పిలిస్తే వచ్చి, నా వైపు చూడకుండా తిని, మళ్ళీ లోపలికి పోయింది. నేను చెప్పింది సరిగానే చెప్పానా అని సలోమిని అడిగాను.

"పరుపుతో మొదలుపెట్టకుండా ఉండాల్సింది," అంది. ఆ తర్వాత నవ్వబోయి ఏడ్చింది. నేను చెయ్యి పట్టుకోవాలా వద్దా అని తేల్చుకునేలోపు కళ్ళు తుడుచుకుని లేచింది.

ఎనిమిది

ఇవాళ ముగ్గురం నిద్రశాలకు వెళ్ళాం. పడుకోబెట్టేటప్పుడు పిల్లల్ని రానివ్వరు. సలోమి జకరయ్యగారితో గొడవపడి మరీ కెజియాని లోపలికి తెచ్చింది.

"ప్రతిదీ మొదటినించి చివరిదాకా చూసింది గదా. ఇదీ చూడనియ్యి. లేకపోతే వాళ్ళమ్మ ఎటో మాయమైపోయిందనుకుంటది," అంది.

కెజియా చూసింది. వాళ్ళమ్మకు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించడం, తలకు నూనె రాసి జుట్టంతా ఒక గుడ్డలో కట్టడం, పరుపును అరలో పరచడం చూసింది. మందు చేదుగా ఉంటుందా అని అడిగింది. ఒక చుక్క వేలికి రాసి నాకమని జకరయ్యగారు ఇస్తే, నాకి, ముఖం చిట్లించింది. చల్లదనం ఎక్కడినుంచి వస్తుందో, రాత్రులు కరెంటు పోతే ఏం చేస్తారో, మధ్యలో అమ్మకు దాహం వేస్తే ఎలాగో అడిగింది. ఆయన విసుక్కోకుండా అన్నిటికీ చెప్పారు. అన్నీ విన్నాక ఘాటుకు గట్టిగా తుమ్మింది. సలోమి పడుకునే నవ్వింది.

ఆ నవ్వుకు నాలో ఏదో కదిలింది. ఒక వాన. ఎక్కడో బస్సు ఆగే చోటు. తడిసిన జుట్టు పిండుకుంటూ నవ్వుతున్న ఒకమ్మాయి. ముఖం కనిపించేలోపు పోయింది. అది జ్ఞాపకమో, కావాలనుకుని నేనే కల్పించుకున్నానో తెలియడం లేదు. ఎంత ఆలోచించినా తేలలేదు.

సలోమి నా ముఖం చూసింది. "ఏంది? గుర్తొచ్చానా?"

"తెలియడం లేదు. ఏదో వచ్చింది. నువ్వో కాదో తెలియదు." తర్వాత ఇంకో మాట చెప్పాలనిపించి చెప్పాను. "నువ్వు పోతుంటే మాత్రం నాకు బాగోలేదు."

"అది చాల్లే." మందు తాగి గిన్నె నాకిచ్చింది. మాట అప్పటికే మెల్లగా వస్తోంది. "నేను లేచేసరికి ఇద్దరి వయసూ సరిపోద్ది. ఎవరూ నిన్ను మా తమ్ముడా అని అడగరు."

కెజియా ఆమె బుగ్గ మీద చెయ్యి పెట్టి ఉంచింది. చల్లబడేదాకా తియ్యలేదు. జకరయ్యగారు మూత దించారు.

తొమ్మిది

అన్నం మాడింది. కెజియా మాడినది తీసి పక్కన పెట్టి, మిగతాది తింది. మాట్లాడలేదు. బడికి పోయింది, వచ్చింది. నేను సబ్బు చేశాను. గట్టిపడింది. ఎవరికి చూపించాలో తెలియక కిటికీలో పెట్టాను.

మర్నాడు అన్నం మాడలేదు. అయినా మాట్లాడలేదు. రాత్రి ఒకసారి పిల్ల నిద్రలో తుమ్మితే నేను లేచి కూర్చున్నాను. అది లేవలేదు.

పది

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎటు పోవాలో నాకు తోచలేదు. ఇన్నాళ్ళూ దారి చూపింది సలోమి. బోగీ మెట్టు మీద కూర్చున్నాను. చూడాల్సినవి ఇంకేమైనా మిగిలాయా అని ఆలోచిస్తున్నాను.

కెజియా విరబోసుకున్న జుట్టుతో వచ్చి నా ముందు నిలబడింది. చేతిలో పళ్ళు ఊడిన దువ్వెన.

"ఇది విరిగిపోయింది," అంది.

"నేనేం చెయ్యాలి?"

"నాకు తెలీదు. దువ్వెన ఎట్టా చేస్తారో నేనూ చూళ్ళేదు." దువ్వెన నా చేతిలో పెట్టింది. "కొలిమి అవతల కొమ్ములు కోసే తాత ఉన్నాడు. పోదాం రా."

పోదాం రా అంది. దాని జుట్టును వేళ్ళతోనే దగ్గరికి తీసి తాటినారతో ముడి వేశాను. వంకరగా వచ్చింది. చేత్తో తడిమి చూసుకుంది. విప్పలేదు.

ముసలాయన పాకలో గేదె కొమ్ములు వేలాడుతున్నాయి. ఆయన ఒక కొమ్మును నిప్పుల మీద తిప్పి, మెత్తబడ్డాక రెండు చెక్కల మధ్య పెట్టి బిగించాడు. చల్లారేదాకా ఆగాలన్నాడు. కెజియా, నేను నేల మీద పక్కపక్కనే కూర్చున్నాం. కాలిన కొమ్ము కంపుకి ఇద్దరం ఒకేసారి ముక్కులు మూసుకున్నాం.

ముసలాయన మా వెనక్కి, దారి వైపు చూశాడు. "మీ అమ్మ ఏదే? రాలేదా ఇయ్యాల?"

నేను నోరు తెరిచాను. కెజియా చెక్కల మీంచి చూపు తిప్పలేదు.

"అమ్మ పడుకుంది తాతా," అంది. "లేచినాక తీసుకొస్తాం."

తాత తల ఊపి చెక్కలు విప్పాడు. కొమ్ము పలకలా సాపు అయింది. దాన్ని కెజియాకు ఒక చివర, నాకు ఒక చివర పట్టుకోమని ఇచ్చి, రంపం తీసుకున్నాడు.